చిన్న రాడ్డు

కాకినాడ షోరూమ్‌లో కొత్త పికప్ తాళాలు చేతికిస్తూ, అక్కడి సేల్స్ అతను గేరు రాడ్డు పక్కనున్న చిన్న రాడ్డు గురించి పావుగంట సేపు చెప్పాడు. టూ వీల్, ఫోర్ హై, ఫోర్ లో అన్నాడు. ముందు చక్రాల మధ్యలో ఉన్న హబ్బుల గురించి కూడా ఏదో అన్నాడు. చెప్పిందంతా సగం ఇంగ్లీషు. సత్తిరాజు చేతులు వెనక్కి కట్టుకుని వింటూ, అతను ఆగినప్పుడల్లా తల ఊపాడు.

"అర్థమైంది కదండీ?" అని అడిగాడతను.

"ముప్ఫై ఏళ్ళ సర్వీసండి నాది," అన్నాడు సత్తిరాజు.

పక్కనే ఉన్న యజమాని హరిబాబు నవ్వి, "మా సత్తిరాజు గారికి వేరే చెప్పాలేంటండి!" అన్నాడు.

అది రెండువేల నాలుగు, వేసవి చివర. హరిబాబుకి కాట్రేనికోన దాటాక సముద్రం వైపు నలభై ఎకరాల రొయ్యల చెరువులున్నాయి. ఉప్పాడ దగ్గర హేచరీలో రొయ్య పిల్లని ఆక్సిజన్ నింపిన సంచుల్లో కట్టి, అట్టపెట్టెల్లో పెట్టి ఇస్తారు. వాటిని యానాం వంతెన మీదుగా తెచ్చి, ఎండ ముదరకముందే చెరువులో వదలాలి. తారు రోడ్డు ఉన్నంతవరకూ చిక్కేమీ లేదు. అది దిగాక రెండు కిలోమీటర్లు చెరువు గట్లే. నల్లటి బంకమట్టి. నాలుగు చినుకులు పడితే మనిషి కాళ్ళకి చెప్పులు నిలవవు. కిందటేడు వానల్లో అద్దె వ్యాను గట్టు మీద కూరుకుపోయింది. పెట్టెలన్నీ మనుషులు నెత్తిన మోసుకెళ్ళేసరికి సగం పిల్ల చచ్చిపోయింది. అందుకే హరిబాబు ఈసారి నాలుగు చక్రాలూ లాగే పికప్ కావాలని పట్టుబట్టి కొన్నాడు.

సత్తిరాజుకి యాభై రెండేళ్ళు. కొబ్బరికాయల లారీ మీద కటకం, కలకత్తా దాకా తిరిగినవాడు. నడుము నొప్పి పట్టుకున్నాక లారీలు మానేసి హరిబాబు దగ్గర చేరాడు. ముమ్మిడివరం నుంచి యానాం దాకా డ్రైవర్లందరూ ఆయన్ని "గురువుగారూ" అనే పిలుస్తారు. అలా పిలిపించుకునే మనిషికి, ఆ రాడ్డు సంగతి నాకు తెలియదు, ఇంకోసారి చెప్పండి అని అడగడానికి నోరు పెగల్లేదు.

జూన్ రెండో వారంలో తొలకరి పడింది. ఆరోజు మేత బస్తాలతో గట్టు మీదికి దిగాడు. బండి జారడం మొదలెట్టగానే చిన్న రాడ్డుని ఫోర్ హైకి లాగాడు. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి తప్ప ముందు చక్రాల్లో చలనం లేదు. కోపమొచ్చి ఇంకా తొక్కాడు. తొక్కినకొద్దీ బండి దిగబడి, చివరికి కడుపు మట్టికి ఆనింది. చెరువుల దగ్గరున్న ట్రాక్టరు వచ్చి లాగాల్సి వచ్చింది. ట్రాక్టరు నడిపే అబ్రహాము ముందు చక్రాల మధ్యలో బురద తుడిచి చూసి, "ఇవేవో తిరుగుతున్నాయండి గురువుగారూ," అంటూ రెండు వైపులా ఉన్న బిళ్ళల్ని లాక్ అని రాసున్న వైపుకి తిప్పాడు. ఆపైన బండి నాలుగు చక్రాలతో మట్టిని కరిచిపట్టుకుని తనంతట తానే ముందుకి నడిచింది.

ఓహో, కిటుకు ఇదన్నమాట అనుకున్నాడు సత్తిరాజు. ఇక ఆ బిళ్ళల జోలికి పోలేదు. చిన్న రాడ్డుని కూడా ఫోర్ హైలోనే ఉంచేశాడు. నాలుగు చక్రాలు లాగుతుంటే రెండింటితో నడపడం దేనికి?

అలా మూడు వారాలు కాకినాడకీ కాట్రేనికోనకీ తారు రోడ్డు మీద తిప్పాడు. స్టీరింగు రాయిలా బరువెక్కింది. మలుపుల్లో టైర్లు కీచుమనేవి. ఇరుకుచోట బండి తిప్పితే కుంటిదానిలా ఎగిరెగిరి పడేది. కొత్త టైర్లు నెల తిరక్కుండానే అంచులు నున్నగా అరిగిపోయాయి. ఒకరోజు రాడ్డుని వెనక్కి టూలోకి లాగుదామని చూస్తే కదల్లేదు, వెల్డింగు పెట్టినట్టు బిగుసుకుపోయింది. ఏదో తేడాగా ఉందని ఆయనకి లోపల తెలుస్తూనే ఉంది. ఎవర్నైనా అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది. అడగలేదు.

జులై మొదట్లో, హేచరీ ముందున్న సిమెంటు ఆవరణలో స్టీరింగు పూర్తిగా కోసి బండి తిప్పుతుంటే, కాళ్ళ కింద తుపాకి పేలినట్టు శబ్దమైంది. బండి అక్కడే ఆగిపోయింది. పిల్ల ఇంకా ఎక్కించలేదు కాబట్టి సరిపోయింది.

బండిని కాకినాడ లాక్కెళ్ళారు. మెకానిక్ కిందనున్న ట్రాన్స్‌ఫర్ గేర్‌బాక్సు విప్పి, విరిగిన గేరు పళ్ళు పళ్ళెంలో పోసి హరిబాబుకి చూపించాడు. "పొడి రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడిపారండి. అందుకే ఇలా అయ్యింది," అన్నాడు.

హరిబాబు సత్తిరాజు వైపు చూశాడు.

"బండిలోనే ఏదో లోపం ఉందండి," అన్నాడు సత్తిరాజు. "మొదటినుంచీ ఆ శబ్దం వస్తానే ఉంది. మీకు చెబుదామనే అనుకుంటున్నానండి."

హరిబాబు మెకానిక్ మీద విరుచుకుపడ్డాడు. "ఆయన ముప్ఫై ఏళ్ళ డ్రైవరయ్యా! నీ పనిలో చేతగానితనమంతా ఆయన నెత్తిన రుద్దుతావేంటి? ఆయనకి నడపడం రాదంటావా?" అందరూ వింటుండగానే పది మాటలన్నాడు. ఆ మెకానిక్ చేతులు గుడ్డకి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. సత్తిరాజు ఆ పళ్ళెంలోకే చూస్తూ నిలబడ్డాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో హరిబాబు, "ఆగస్టులో పిల్ల వదిలేశాక ఈ బండి అమ్మేద్దామండి. అచ్చిరాలేదు," అన్నాడు. ఆ తర్వాత ఊరి దాకా నిద్రపోయాడు. సత్తిరాజుకి మాత్రం కునుకు పట్టలేదు. తిట్టినా బాగుండేది. అంత నమ్మకంగా వెనకేసుకొచ్చాడే!

ఇంట్లో కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. భార్య బేబి ఊరుకోలేదు. నాలుగుసార్లు అడిగితే జరిగినదంతా చెప్పాడు.

"ఆశీర్వాదం మిలటరీలో ఇట్టాంటి బళ్ళేగా నడిపింది," అంది బేబి. "పింఛనుతో వచ్చేసి ఎదుర్లంకలోనే ఉంటున్నాడు కదండీ. మీ దగ్గర పని నేర్చుకున్నోడే. వెళ్ళి అడగడానికి నామోషీ ఏంటి?"

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. నామోషీ కాదు. బేబికి కూడా తెలియని సంగతొకటి ఉంది.

ఇరవై రెండేళ్ళ కిందట సత్తిరాజు, ఆశీర్వాదం అమలాపురంలో ఒకే షావుకారు దగ్గర లారీ డ్రైవర్లు. ఆశీర్వాదానికి అప్పుడు ఇరవై రెండేళ్ళు, కొత్తగా లైసెన్సు వచ్చింది. ఒకరోజు సత్తిరాజు గోదావరి రేవులో ఇసుకలో దిగిన లారీని బయటికి లాగాలని, క్లచ్చి ఒక్కసారిగా వదిలి, ఆపకుండా తొక్కాడు. వెనక యాక్సిల్‌లో టప్పుమంది. బండి బయటికైతే వచ్చింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. మర్నాడు అదే లారీని ఆశీర్వాదం తీసుకెళితే రావులపాలెం దగ్గర యాక్సిల్ విరిగి, కొబ్బరికాయల లోడు కాలవలో పడింది. షావుకారు సత్తిరాజుని పిలిచి అడిగాడు. "నిన్న నా చేతిలో బాగానే ఉందండి," అన్నాడాయన. ఆ సాయంత్రమే ఆశీర్వాదాన్ని పనిలోంచి తీసేశారు. ఆరునెలలు ఏ షావుకారూ లారీ ఇవ్వలేదు. చివరికి మిలటరీ సెలక్షన్లకి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు ఆలోచించి, మూడోరోజు పొద్దున్న సత్తిరాజు సైకిలెక్కి ఎదుర్లంక వెళ్ళాడు.

ఆశీర్వాదం పెరట్లో గునపం పాతుకుని కొబ్బరికాయలు వలుస్తున్నాడు. జుట్టు పొట్టిగా, ఒళ్ళు ఇంకా గట్టిగానే ఉంది. చూడగానే చేతిలో కాయ వదిలేసి ఎదురొచ్చాడు.

"గురువుగారూ! రండి రండి. ఏసమ్మా, కుర్చీ వెయ్యి."

ఆ పిలుపు వినగానే సత్తిరాజు దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"ఆశీర్వాదం, ఒక మాట చెప్పాలి. రావులపాలెం దగ్గర నీ చేతిలో యాక్సిల్ విరిగింది చూడు. అది అంతకుముందు రోజే పగిలింది. పగలగొట్టింది నేను. తెలిసి కూడా షావుకారుకి చెప్పలేదు."

ఆశీర్వాదం మళ్ళీ గునపం దగ్గరికి వెళ్ళి ఒక కాయ వలిచాడు. ఇంకోటి వలిచాడు.

"తెలుసండి," అన్నాడు.

"తెలుసా?"

"విరిగిన ముక్క నా చేత్తోనే తీశాను కదండీ. సగం మేర ముందటి పగులు, నూనె మసి పట్టి నల్లబడిపోయింది. మిగతా సగమే ఆరోజు విరిగింది."

"మరి అప్పుడు చెప్పలేదేం?"

"మీ మాట, నా మాట పక్కపక్కన పెడితే షావుకారు ఎవరి మాట వింటాడండి?"

గుమ్మంలో నిలబడ్డ ఏసమ్మ భర్తనే చూస్తోంది. "మరి నాకెందుకు చెప్పలేదు?" అంది నెమ్మదిగా. "మా నాన్న పోయేదాకా నిన్ను లారీ విరగ్గొట్టినోడనే అన్నాడు. నేనూ అదే అనుకున్నాను కదయ్యా."

"చెప్తే నమ్ముతారా మీరు? సాకు చెబుతున్నాననుకునేవోరు."

"తప్పు నాదమ్మా," అన్నాడు సత్తిరాజు. "ఆయన దోషం ఆవగింజంతైనా లేదు. మీ నాన్నగారు ఉండగానే వచ్చి చెప్పాల్సింది."

ఆమె లోపలికెళ్ళి ఒక్క గ్లాసుతో టీ తెచ్చి భర్త చేతికిచ్చింది. గుమ్మం దాకా వెళ్ళి, కాసేపు అక్కడే నిలబడి, మళ్ళీ లోపలికెళ్ళి రెండో గ్లాసు తెచ్చి కుర్చీ పక్కనున్న అరుగు మీద పెట్టింది.

"ఇది చెప్పడానికేనా ఇంతదూరం వచ్చింది?" అన్నాడు ఆశీర్వాదం.

అబద్ధమాడటానికి సత్తిరాజుకి ఇక ఓపిక లేదు. "కాదు. ఫోర్ వీల్ బండి ఎలా నడపాలో తెలీక వచ్చాను. గేర్‌బాక్సు పగలగొట్టేశాను."

ఆశీర్వాదం గ్లాసు పట్టుకునే విరగబడి నవ్వాడు. టీ ఒలికింది. "ఈసారి ఎవరి మీదికి తోశారండి?" అన్నాడు నవ్వాపుకోలేక.

"బండి మీదికి," అన్నాడు సత్తిరాజు తలవంచుకుని. "అది నమ్మించడానికి ఒక మెకానిక్‌ని కూడా తిట్టించాను."

పదిహేను రోజులకి బండి బాగై వచ్చింది. ఆ మర్నాడు ఆదివారం. ఆశీర్వాదం చర్చి నుంచి వచ్చాక ఇద్దరూ బండి తీసుకుని గోదావరి ఒడ్డున ఇసుకలోకి వెళ్ళారు. ఆశీర్వాదం దిగి, "చిన్నగా ఒక చుట్టు తిప్పండి," అన్నాడు. సత్తిరాజు తిప్పాడు. తడి ఇసుకలో చాళ్ళు పడ్డాయి.

"చూడండి. ముందు చక్రం జాడ బయటుంది, వెనక చక్రం జాడ లోపలుంది. అంటే ముందుది ఎక్కువ దూరం నడిచింది. అవునా?"

"ఆయ్."

"టూ వీల్‌లో ఉంటే దేని నడక దానిది. ఫోర్ వేశారంటే ముందు ఇరుసునీ వెనక ఇరుసునీ కలిపి కట్టేసినట్టే. రెండూ ఒకే లెక్కన తిరగాలి. మలుపులో అది కుదరదు కదండీ. ఇసుకైతే, బురదైతే ఏదో ఒక చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు జారనివ్వదు. ఆ మెలికంతా లోపల గేర్లకి పడుతుంది. మీ రాడ్డు బిగుసుకుపోయింది అందుకే."

సత్తిరాజు వంగి ఆ చాళ్ళని చాలాసేపు చూశాడు. ఎన్ని లక్షల కిలోమీటర్లు నడిపాడో, ఏ రోజూ తన బండి జాడని వెనక్కి తిరిగి చూసుకోలేదు.

"అలా బిగుసుకుంటే ఏం చెయ్యాలి?"

"తిన్నగా నాలుగడుగులు వెనక్కి పోనివ్వండి, మెలిక విడిపోతుంది. రాడ్డుని కొట్టకండి, లాగకండి." ఆశీర్వాదం ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని బిళ్ళ తిప్పి చూపించాడు. "ఇది ఫ్రీలో ఉంటే మీరు లోపల ఎన్ని రాడ్లు లాగినా ముందు చక్రానికి బలం రాదు. బురదలో దిగబడ్డాక ఇది తిప్పాలంటే చెయ్యి కూడా దూరదు. అందుకని తారు దిగకముందే ఆగి తిప్పుకోవాలి. ఫోర్ హై మెల్లగా తిన్నగా పోతున్నప్పుడు పడుతుంది. 'లో' వెయ్యాలంటే మాత్రం బండి పూర్తిగా ఆపాలి."

"ఆ 'లో' వేస్తే బలం ఎక్కువా?"

"బలం ఎక్కువ, నడక తక్కువ. సెకండు గేరులో పెట్టి, క్లచ్చి జోలికి పోకుండా, ఎద్దు నడిచినట్టు నడవనివ్వాలి. చక్రం ఉన్నచోటే తిరుగుతోందా, కాలు తీసెయ్యాలంతే. మీరు కాలు తియ్యరు గురువుగారూ. ఇరవై ఏళ్ళ కిందటా అంతే."

సత్తిరాజు ఆ మాట పట్టించుకుని నొచ్చుకోలేదు. సాయంత్రం దాకా అదే ఇసుకలో వేస్తూ తీస్తూ, ఆగుతూ కదులుతూ, దిగబడితే టైర్లలో గాలి తగ్గించడం దాకా నేర్చుకున్నాడు. కాలు తియ్యడం దగ్గరే ఆశీర్వాదం ఆయన్ని పదిసార్లు కసురుకున్నాడు.

ఆగస్టు రెండో వారంలో పిల్ల తేవాల్సిన రోజు వచ్చింది. ముందురోజు సాయంత్రం నుంచీ ముసురు. తెల్లవారుతుండగా ఉప్పాడలో యాభై పెట్టెలు ఎక్కించుకుని బయల్దేరారు. హరిబాబు పక్క సీట్లో కూర్చుని, "ఈ వానలో గట్టెలా దాటతామో," అని నాలుగుసార్లు అన్నాడు. ఎనిమిదింటికి తారు రోడ్డు చివరికి చేరారు. ఇంకో రెండు గంటల్లో సంచుల్లో ఆక్సిజన్ తగ్గిపోతుంది.

గట్టు మొదట్లో సత్తిరాజు బండి ఆపి, వానలోనే దిగి, రెండు బిళ్ళలూ లాక్ వైపుకి తిప్పి వచ్చాడు.

"ఏమైందండి?" అన్నాడు హరిబాబు కంగారుగా.

"ఏమీ లేదండి. ఇక్కణ్ణుంచి బురద."

ఫోర్ హైలో మొదటి కిలోమీటరు బాగానే నడిచింది. ఆ తర్వాత తూము దగ్గర గట్టు పల్లంగా ఉంది, నీళ్ళు దాని మీదుగా పొర్లుతున్నాయి. సత్తిరాజు పూర్తిగా ఆపాడు. చిన్న రాడ్డుని ఫోర్ హై నుంచి 'లో'కి మార్చాడు. సెకండు గేరులో బండి మూలుగుతూ నీళ్ళలోకి దిగింది. సగం దాటాక వెనక ఎడమవైపు కుంగింది. చక్రం ఉన్నచోటే తిరగడం ఆయన నడుముకి తెలిసింది. కుడికాలు తొక్కమని లాగింది. ముప్ఫై ఏళ్ళుగా తొక్కుతూనే ఉన్న కాలది.

ఆయన కాలు తీసేశాడు.

"ఆపేశారేంటండి! తొక్కండి, తొక్కండి! ఇక్కడాగితే అయిపోతాం!" హరిబాబు అరిచాడు.

"తొక్కితేనే అయిపోతామండి. కాసేపు నన్ను నమ్మండి," అన్నాడు సత్తిరాజు. అనగానే ఆ మాట తనకే ముల్లులా గుచ్చుకుంది.

దిగి, మోకాలి లోతు నీళ్ళలో నాలుగు టైర్లలోనూ సగం గాలి తీశాడు. చెరువు కాపలా మనుషులు అప్పటికే పరుగెత్తుకొచ్చారు. వాళ్ళచేత కొబ్బరి మట్టలు తెప్పించి చక్రాల ముందు తొక్కించాడు. ఎక్కి, వచ్చిన చాళ్ళలోనే మూడడుగులు వెనక్కి పోనిచ్చి, ఆగి, మళ్ళీ ముందుకి వదిలాడు. మట్టలు పటపటమన్నాయి. బండి ఒకసారి అటూ ఇటూ ఊగి, తడబడి, నింపాదిగా నీళ్ళలోంచి పైకి నడిచింది. హరిబాబు డాష్‌బోర్డుని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

తొమ్మిదిన్నరకి సంచులన్నీ చెరువులో తేలుతున్నాయి. నీళ్ళ వేడికి అలవాటుపడ్డాక ఒక్కొక్క సంచీ మూతి విప్పారు. వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు ఒక క్షణం ఉన్నచోటే ఉండి, చటుక్కున విడిపోయి నీళ్ళలో కలిసిపోయాయి. హరిబాబు దోసిలితో నీళ్ళు తీసుకుని చూసి, "బాగుందండీ, అంతా బతికే ఉంది," అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. "బండి కూడా ఇవాళ బాగానే పనిచేసింది చూశారా? ఏదో లోపం అన్నారు, రిపేరులో పోయినట్టుంది."

"బండిలో లోపం ఎప్పుడూ లేదండి," అన్నాడు సత్తిరాజు. "నాకే తెలీదు. షోరూమ్‌లో తల ఊపానే గానీ ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. తారు మీద ఫోర్ వీల్‌లో నడిపి గేర్‌బాక్సు పగలగొట్టింది నేనే. ఆ మెకానిక్ చెప్పింది నిజమండి. మొన్న ఆశీర్వాదం అనే ఆయన దగ్గరికెళ్ళి నేర్చుకున్నాను."

హరిబాబు నవ్వు ఆగిపోయింది. దోసిట్లో నీళ్ళు కారిపోయాయి. గట్టు మీద అటు పది అడుగులు, ఇటు పది అడుగులు నడిచాడు.

"ఆ మనిషిని నలుగుర్లో ఎన్ని మాటలన్నానండి! మీరు పక్కనే ఉండి విన్నారు. ఒక్క మాటైనా అనలేదు."

"అనలేదండి."

"డబ్బు పోతే పోయింది. నాచేత అలా అనిపించారే, అదండీ నాకు..." అంటూ ఆగిపోయాడు.

సత్తిరాజు బండి తాళాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. మానెయ్యమంటే మానేసి వెళ్ళిపోవడానికి సిద్ధంగానే ఉన్నాడు. హరిబాబు గట్టు మీద పడున్న ఖాళీ సంచులు రెండు ఏరి కుప్పలో వేశాడు. చెరువుకి గాలి పట్టించే ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి.

"ఆరోజు షోరూమ్‌లో అతను చెప్పింది నాకూ అర్థం కాలేదండి," అన్నాడు చివరికి. "మీకు తెలుసు కదాని నేనూ నవ్వేసి ఊరుకున్నా." జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "పదండి. ఇప్పుడే కాకినాడ వెళదాం. ఆ మెకానిక్‌తో నేను మాట్లాడాలి. మీరూ మాట్లాడాలి."

"ఇప్పుడేనా అండి?"

"ఇప్పుడే. రేపైతే నాకు మనసు మారుతుంది."

కాపలా మనుషుల చేత టైర్లకి మళ్ళీ గాలి కొట్టించాక, ఖాళీ బండి తిరిగి గట్టంతా సాఫీగానే దాటింది. తారు రోడ్డెక్కగానే సత్తిరాజు పక్కకి తీసి ఆపాడు. తిన్నగా నాలుగడుగులు వెనక్కి పోనిచ్చాడు. చిన్న రాడ్డు వెన్నలో కత్తిలా టూలోకి జారింది. ఆయన తలుపు తీసి కిందికి దిగేసరికి, అటువైపు హరిబాబు కూడా దిగి, చొక్కా చేతులు మడుచుకుని, ముందు చక్రం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. బురదలో వేళ్ళు పెట్టి బిళ్ళ కోసం తడుముతున్నాడు.

"దీన్ని ఎటు తిప్పాలండి?" అని అడిగాడు.

"ఫ్రీ అని రాసున్న వైపుకండి," అంటూ సత్తిరాజు చుట్టూ తిరిగి వచ్చి, హరిబాబు పక్కనే కూర్చుని బురద తుడిచి ఆ అక్షరాలు చూపించాడు.